నరసాపురంలో ఇల్లు ఖాళీ చేసిన ఎనిమిది రోజులు

వశిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రానికి కొద్ది మైళ్ళ ఇవతల ఉన్న పాత రేవుపట్టణం నరసాపురం. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే గుడివాడ, భీమవరం, పాలకొల్లు దాటి ఉదయానికి అక్కడికి చేరతాము. ఎన్నో ఏళ్ళుగా ఆ దారిలో రైలుకు అదే ఆఖరి స్టేషను. అందుచేత నిద్రపట్టినా ఊరు దాటిపోతామన్న భయం లేదు. స్టేషను బయటకు రాగానే తడిగాలి, చేపల వాసన, కొబ్బరి గెలలు వేసుకుపోయే బళ్ళు మనలను పలకరిస్తాయి.

ఈ పట్టణంలో పేర్లన్నీ పాత ఓడల జ్ఞాపకాలే. ఏటి ఒడ్డున వలందర రేవు ఉంది. వలందులంటే డచ్చివారు, ఒకప్పుడు వారు ఇక్కడ వర్తకం చేశారు. పక్కనున్న మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి వర్తకశాల ఉండేది. ఆ ఊరి పేరు వారి నోట మడపోలం అయి, చివరకు ఒక రకం నూలుగుడ్డకే ఆ పేరు స్థిరపడింది. 1836లో ఇంగ్లండు నుండి తెలుగు ప్రాంతానికి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు తరువాత ఈ ఊరినే తమ సేవకు కేంద్రం చేసుకున్నారు.

నరసాపురం అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది లేసు. మిషనరీ కుటుంబాల స్త్రీలు 19వ శతాబ్దంలో గోదావరి ప్రాంతపు ఆడపిల్లలకు నేర్పిన ఈ పని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ చేరుస్తాడు, స్త్రీలు అరుగు మీద కూర్చుని సూదితో అల్లుతారు. సరుకు విదేశాలకు వెళ్తుంది. 1982లో మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త ఈ స్త్రీలను గురించి ఒక పుస్తకం ప్రచురించారు. వీరిని పనివారుగా కాక, తీరిక వేళ కాలక్షేపానికి కుట్టుకునే ఇల్లాళ్ళుగా లెక్కకట్టి, చాలా తక్కువ కూలి ఇస్తున్నారని ఆమె అందులో చూపించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ కూడా ఆ అరుగుల మీద కూర్చుని అల్లినదే. మా నలుగురి స్కూలు ఫీజులలో ఆ దారం డబ్బు కొంత ఉంది.

ఆ ఊళ్ళో మా నాన్నగారు కట్టించిన ఇల్లు ఉంది. ముందు రెండు గదులు డాబా, వెనుక పెంకుల వంటిల్లు, పెరట్లో నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు. నాన్నగారు బడిపంతులుగా చేసి, 2009లో ప్రభువునందు నిద్రించారు. అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. 2023లో జారిపడి తుంటి ఎముక విరిగిన తరువాత ఆమెను తణుకులో మా అక్క తన దగ్గరకు తీసుకువెళ్ళింది. డెల్టా నేలలో తాళం వేసిన ఇల్లు ఎక్కువ కాలం నిలవదు. ఒక్క వానాకాలానికే వెనుక గోడకు చెమ్మ ఎక్కింది, తలుపు చట్రానికి చెద పట్టింది. అందరం కూర్చుని ప్రార్థన చేసుకుని, ఇల్లు అమ్మాలని నిశ్చయించాము. 2024 ఫిబ్రవరిలో బేరం కుదిరింది. కొనేవారు పది రోజులలో ఖాళీ చేసి ఇమ్మన్నారు. మేము నలుగురం సెలవు పెట్టుకుని ఎనిమిది రోజులకు వెళ్ళాము.

అమ్మ పెట్టిన షరతు

పాత సామాను కొనే అతను మొదటి రోజే వచ్చాడు. అటక, వంటిల్లు, కొట్టు అన్నీ తిరిగి చూసి, "మొత్తం ఒక రేటు వేసి రేపు సాయంత్రానికి ఊడ్చేసి ఇస్తాను" అన్నాడు. సెలవులు తక్కువగా ఉన్నవారికి ఆ మాట తీపిగానే ఉంటుంది. మాలో ఇద్దరు దానికి మొగ్గు చూపారు కూడా.

అమ్మ మాతోపాటు కారులో వచ్చింది. వరండాలో నవారు మంచం మీద కూర్చుని అంతా వింటోంది. అప్పుడు అంది: "ఇల్లు అమ్మమని నేనే చెప్పాను. కానీ నేను బతికుండగానే ఖాళీ చేస్తున్నారు గదర్రా, నన్ను అడిగి చెయ్యండి. ఒక్కో వస్తువూ నా ముందు నుంచి వెళ్ళాలి. ఇందులో మనవి కానివి చాలా ఉన్నాయి."

ఆ చివరి మాట మాకు మొదట అర్థం కాలేదు. మన ఇంట్లో మనవి కానివి ఏముంటాయి? ఆ ఎనిమిది రోజులూ దానికి సమాధానమే.

నాలుగు కుప్పలు

వరండాలో సుద్దముక్కతో నాలుగు గళ్ళు గీశాము. మొదటిది తిరిగి ఇచ్చేవి, రెండవది ఉంచుకునేవి, మూడవది పంచిపెట్టేవి, నాలుగవది అమ్మేవి లేక పారవేసేవి. ఏ వస్తువైనా ముందు అమ్మ మంచం దగ్గరకు రావాలి, ఆమె చెప్పిన గడిలోకి పోవాలి. మొదట మెల్లగా సాగినా, రెండవ రోజుకు చెయ్యి తిరిగింది.

అన్నిటికంటె ముందు కాగితాలు తీశాము. చెద ముందుగా పట్టేది వాటినే. ఇంటి దస్తావేజు, దానికి ముందరి లింకు దస్తావేజులు, మున్సిపాలిటీ పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నాన్నగారి మరణ ధృవీకరణ పత్రం, పింఛను కాగితాలు అన్నీ ఒక రేకు పెట్టెలోకి చేర్చాము. బియ్యం డబ్బా అడుగున, పాత క్యాలెండర్ల మధ్యన కూడా కాగితాలు దొరికాయి. ఒక బ్యాంకు పాసుబుక్కును మేమెవ్వరం అంతకుముందు చూడలేదు. పదేళ్ళు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి చేరతాయి గాని, వారసుల హక్కు పోదు. బ్యాంకుకు వెళ్ళి ఆధారాలు చూపితే తిరిగి వస్తాయి. అలాంటి ఖాతాలను వెదకడానికి 2023లో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే ఏర్పాటు కూడా చేసింది. కాబట్టి పాత పాసుబుక్కును చిత్తుకాగితాలలో వేయవద్దు.

ఆ తరువాత ప్రమాదమైనవి. పెరటి కొట్టులో కొబ్బరిచెట్లకు వాడిన పురుగుమందు డబ్బాలు, గడువు తీరిన మందులు, పగిలిన ట్యూబులైట్లు, పాదరసపు థర్మామీటరు ఒకటి కనిపించాయి. వీటిని కాలువలో వేయడం, కాల్చడం, డబ్బా బాగుంది కదా అని కడిగి నీళ్ళకు వాడడం మహా ప్రమాదం. విడిగా మూట కట్టి, అందులో ఏమున్నదో చెప్పి, మున్సిపాలిటీ పారిశుద్ధ్య సిబ్బందికి అప్పగించాము.

పాత్రల మీద పేర్లు

వంటింటి సామాను తీయడానికి రెండు రోజులు పట్టింది. గంగాళం, కాగు, ఇత్తడి బిందెలు, ఆవకాయ జాడీలు, రోలు, పొత్రం, తిరగలి, కత్తిపీట. ఈనాటి ఫ్లాట్లలో వీటికి చోటు లేదు, ఎత్తే బలమూ లేదు. రోలూ తిరగలీ ఇరుగుపొరుగువారే సంతోషంగా తీసుకువెళ్ళారు.

మన ఇళ్ళలో పాత్రల మీద పేర్లు కొట్టించుకోవడం పాత ఆచారం. చింతపండుతో తోమి, ఎండలో పెట్టి చూస్తే, మా ఇంటి ఇత్తడిలో మూడింటి మీద మా ఇంటిపేరు లేదు! ఒకటి ఎదురింటి మామ్మగారిది. ఏదో పెళ్ళిలో అటు వెళ్ళవలసినది ఇటు వచ్చింది, మాది వారింట్లో ఉంది. ఇచ్చిపుచ్చుకోవడానికి ఐదు నిమిషాలు, నవ్వుకోవడానికి గంట పట్టింది. మరొకటి సంఘానిది. దానితోబాటు గుడారపు కూటాల నాటి పెట్రోమాక్స్ లైటు, రెండు జంబుఖానాలు, స్త్రీల సమాజం పాత లెక్కల పుస్తకం కూడా అటక మీదే ఉన్నాయి. అమ్మ కోశాధికారిగా ఉన్న రోజులలో దాచమని ఇచ్చినవట. పాదిరిగారిని పిలిచి, లెక్క చెప్పి, అన్నీ అప్పగించాము. లెక్కల పుస్తకంలో పిడికెడు బియ్యం కానుకల జాబితా ఉంది. ఇంటింటా వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక్కొక్క పిడికెడు తీసి దాచి, నెల తిరిగేసరికి గుడికి తెచ్చిన స్త్రీల పేర్లు అవి. అందులో సగంమంది ఇప్పుడు లేరు.

పుస్తకాల బీరువాలో చెద తినగా మిగిలినది సగమే. బైబిలుకు మాత్రం ఏమీ కాలేదు. దాని మొదటి పేజీలలో మా తాతగారి కాలం నుండి పుట్టిన తేదీలు, బాప్తిస్మములు, పెళ్ళిళ్ళు, మరణాలు సిరాతో వ్రాసి ఉన్నాయి. పుట్టినరోజు కాగితం లేని తరానికి అదే రిజిస్టరు. ఆ పేజీలకు ఫోటోలు తీసి నలుగురం పంచుకున్నాము. బైబిలు అమ్మతో వెళ్ళింది. పాత సంఘ పత్రికలు, కూటాల కరపత్రాలు ఉన్నవారు వాటిని తూకానికి వేసే ముందు, ఒక వేదాంత కళాశాల గ్రంథాలయాన్ని అడిగి చూడడం మంచిది. మనకు చిత్తు అనిపించినది వారికి చరిత్ర కావచ్చు.

వద్దనడం వేరు, లేదనడం వేరు

నాలుగవ రోజు రాత్రి భోజనాలయ్యాక వాటాల మాట వచ్చింది. నాన్నగారు వీలునామా వ్రాయలేదు. ఇల్లు ఆయన పేరున ఉంది. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా చనిపోయిన వ్యక్తి ఆస్తిలో మూడవ వంతు భార్యది. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు అన్న భేదం లేదు. ఈ సంగతి తెలియక, ఆడపిల్లకు కట్నంతోనే తీరిపోయిందని అనుకునేవారు మన పల్లెలలో ఇంకా ఉన్నారు.

మా చెల్లెలు, "నాకేం వద్దు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను" అంది. మంచి మనసుతోనే అంది. అమ్మ ఒప్పుకోలేదు. "వద్దనడం వేరు, లేదనడం వేరు. ముందు నీ వాటా నీ చేతికి వస్తుంది. ఆ తరువాత నువ్వు ఎవరికి ఇచ్చుకుంటావో నీ ఇష్టం" అంది. చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. అమ్మతో కలిపి ఐదుగురమూ అమ్మకపు దస్తావేజు మీద సంతకాలు చేయాలని, ఎవరి వాటా వారి ఖాతాకు వెళ్ళాలని ఆ రాత్రే తీర్మానించుకున్నాము. హక్కు వదులుకోవాలనుకునేవారు కూడా నోటిమాటతో కాక, రిజిస్టరు చేసిన దస్తావేజుతోనే వదులుకోవాలి. అన్నదమ్ముల మధ్య తరువాత వచ్చే తగవులకు అదే మందు.

అటక మూల ట్రంకు పెట్టె

ఐదవ రోజు అటక చివర నుండి ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టె దించాము. తాళం తుప్పు పట్టింది గాని, పెట్టెకు మాత్రం రంగు వేసి ఉంది. అమ్మ చూడగానే మొదటి గడి వైపు చెయ్యి చూపింది. "అది లంక ఆవిడది."

1986 ఆగస్టు వరద గోదావరి జిల్లాల పెద్దలకు ఎవరికీ మరపు రాదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటింది. లంక గ్రామాలు మునిగాయి. ఏటికి అవతల ఒక లంక నుండి లేసు ఇవ్వడానికి మా వీధి ఏజెంటు దగ్గరకు ఒక ఆవిడ వస్తూ ఉండేది. వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కూర్చుని, అమ్మతో కబుర్లు చెబుతూ అల్లేది. వరద తీశాక వారికి ఇల్లు లేదు. భర్త, పిల్లలతో చుట్టాల ఊరు పోతూ, మిగిలిన పెట్టెను అమ్మకు ఇచ్చి, "ఇల్లు నిలబెట్టుకున్నాక పట్టుకెళ్తానండి" అంది. అంతే, మళ్ళీ రాలేదు. వారు సఖినేటిపల్లి వైపే తిరిగి వచ్చారని విని అమ్మ రెండుసార్లు కబురు పంపింది. జవాబు లేదు. ఏటా వేసవిలో పెట్టెను దింపి, తుడిచి, పైన కలరా ఉండలు పెట్టి, మళ్ళీ అటక ఎక్కించేది. తెరచి మాత్రం చూడలేదు. 38 ఏళ్ళు!

"ఇంక రెండు రోజులే ఉందమ్మా. ఎక్కడని వెదుకుతాం?" అన్నాడు అన్నయ్య.

"ఇల్లు మన చేతిలో ఉన్నంతవరకూ నేను దాచిపెట్టినట్టు. ఇల్లు చేయి దాటాక నేను పోగొట్టినట్టు" అంది అమ్మ.

పంటు మీద

నరసాపురం నుండి కోనసీమకు కారులో వెళ్ళాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. తిన్నగా వెళ్ళాలంటే మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాలి. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు, పెళ్ళివారు అందరూ ఒకే బల్లకట్టు మీద. అంతర్వేది తీర్థం దగ్గర పడడంతో ఆ రోజు మరీ రద్దీ. మా ట్రంకు పెట్టెను మధ్యలో పెట్టి, ముగ్గురం చుట్టూ నిలుచున్నాము. ఏరు నిండుగా, మెల్లగా ఉంది. సముద్రం పోటు ఇక్కడి దాకా తెలుస్తుందని పక్కనున్న పడవవారు చెప్పారు.

సఖినేటిపల్లి రేవులో దిగి, టీ కొట్టు దగ్గర వయసు మళ్ళినవారిని అడగడం మొదలుపెట్టాము. మా దగ్గర ఉన్న ఆనవాళ్ళు మూడే: పేరు, లంక పేరు, లేసు పని. మొదటి రెండు ఊళ్ళలో ఎవరూ చెప్పలేకపోయారు. మూడవ ఊళ్ళో, మందిరం అరుగు మీద లేసు అల్లుతున్న ఒక పెద్దావిడ సూది ఆపకుండానే విని, "ఆవిడ పోయి ఏడేళ్ళయ్యింది. కూతురు ఇక్కడే ఉంది" అంది.

కూతురికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. పెట్టెను చూసి నిలబడిపోయింది. "నరసాపురం మాస్టారి ఇంట్లో పెట్టె ఉందని మా అమ్మ చెప్పేదండి. ఎన్నేళ్ళో అయిపోయింది, ఇప్పుడు వెళ్ళి అడిగితే, లేకపోతే వాళ్ళు నొచ్చుకుంటారే అనేది. అందుకే రాలేదు."

ఒక తల్లి ఇవ్వాలని ఎదురుచూసింది. ఒక తల్లి అడగడానికి మొహమాటపడింది. మధ్యలో ఉన్నది పావుగంట పంటు ప్రయాణం.

తాళం రాతితో కొట్టి తీశారు. రెండు ఇత్తడి చెంబులు, మడతల దగ్గర చీకిపోయిన పెళ్ళి చీర, పిల్లల గౌను ఒకటి, అడుగున ఒక గుండ్రని లేసు బల్లగుడ్డ. అంచు నాలుగు వేళ్ళ మేర పూర్తి కాలేదు. సూది దానికే గుచ్చి ఉంది. ఆ కూతురు బల్లగుడ్డను ఒళ్ళో పరచుకుని, అంచు వెంట వేలు నడిపి, "ఇది మా అమ్మ చేతి పనే. ముడి దగ్గర ఇలా ఒక గొలుసు ఎక్కువ వేసేది" అంది. తానూ లేసు కుట్టేదే. మాకు టీ ఇచ్చింది. ఎంత వద్దన్నా అరటిపళ్ళ గెల ఒకటి పంటు దాకా మోసుకువచ్చింది.

మరునాడు ఉదయం ఆమే ఏరు దాటి మా ఇంటికి వచ్చింది. అప్పటికి ఇంట్లో మంచం, రెండు కుర్చీలు తప్ప ఏమీ లేవు. అమ్మ పక్కన కూర్చుని ఆ బల్లగుడ్డ చూపించింది. అమ్మ చూపు ఇప్పుడు అంతగా ఆనదు. వేళ్ళతో తడిమి చూసి, "ఏజెంటు ఆ నెల దీనికి దారం తక్కువ ఇచ్చాడమ్మా. నా ఉండలోంచి ఇచ్చాను" అంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మేము పెరట్లోకి వెళ్ళిపోయాము.

మిగిలినవి

ఎనిమిదవ రోజుకు నాలుగు గళ్ళలో పెద్దది మొదటిదే కావడం మాకు ఆశ్చర్యం. పాత సామాను అతను చివరి గడిలోనిది తూచి తీసుకువెళ్ళాడు. ఆ సొమ్ము అమ్మ చెప్పినట్టు మేము నలుగురం కాక, వంటింట్లో ఇరవై ఏళ్ళు సాయం చేసిన మనిషికి ఇచ్చాము. అమ్మ తనతో తీసుకువెళ్ళినవి నాలుగే: బైబిలు, నాన్నగారి కళ్ళద్దాలు, లేసు సూదుల రేకు డబ్బా, పిడికెడు బియ్యం డబ్బా. తణుకులో అక్క వంటింట్లో ఆ డబ్బా ఇప్పుడు కూడా నిండుతోంది.

ఇల్లు ఖాళీ చేయడమంటే సామాను బయట పడవేయడం కాదు, ఎవరిది వారికి చేర్చడం. ఆ పని చేయగలిగినది ఆ వస్తువుల కథ తెలిసినవారు మాత్రమే. వారు వెళ్ళిపోయాక మిగిలేది ఇత్తడి, ఇనుము, గుడ్డపేలికలు. తూకానికి తప్ప దేనికీ రావు.

కాబట్టి మీకు ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నా లేకపోయినా, పెద్దవారు మన మధ్య ఉండగానే ఒక పని చేయండి. పిల్లలందరూ ఇంటికి చేరే ఈ వేసవి సెలవులలో, అటక మీది వస్తువులు ఒక్కొక్కటిగా దింపి వారి మంచం దగ్గర పెట్టండి. "ఇది ఎవరిది?" అని అడగండి. చెప్పేవరకు ఓపికగా కూర్చోండి.